రచ్చబండ నుంచి ప్రవాహం దాకా: తొలితరం అంతర్జాల తెలుగు చర్చావేదికలు – గతస్మృతి, సాహిత్య చరిత్ర

వ్యాస సంగ్రహం

అంతర్జాలంలో తెలుగు సాహిత్య చర్చ 1990లలో యూజ్‌నెట్ వార్తాసమూహాలతో మొదలై, ఈ-మెయిల్ సమూహాల మీదుగా, వెబ్ పత్రికల, బ్లాగుల మీదుగా నేటి సామాజిక మాధ్యమాలకు చేరింది. ఆనాటి వేదికలలో పాల్గొన్నవారి మాటల్లో ఇప్పుడు గతస్మృతి ప్రబలంగా వినిపిస్తుంది. ఆ రోజుల్లో చర్చ లోతుగా, మర్యాదగా సాగేదన్నది దాని సారాంశం. ఆ భావనను సాహిత్య చరిత్ర దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పోయిన విలువ మర్యాదలో కంటే చర్చ తీసుకున్న లిఖిత రూపంలో ఉందనీ, ఆ రూపం నిలవడానికీ చెదరడానికీ కారణం సాంకేతికత వయసు కాక దానిని భద్రపరిచే బాధ్యత ఎవరిదన్న అంశమనీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను. చివరి భాగంలో తెలుగు శాఖలు చేపట్టవలసిన సేకరణ, పరిష్కరణ కార్యాన్ని సూచిస్తున్నాను.

కీలక పదాలు: అంతర్జాల సాహిత్యం, చర్చావేదిక, గతస్మృతి, పూర్వపక్షం, లిప్యంతరీకరణ, పాఠపరిష్కరణ

1. ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రను వాదవివాదాల చరిత్రగా కూడా చదవవచ్చు. కొక్కొండ వేంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషా సంజీవని’ (1871), కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ (1874) పరస్పరం తలపడిన తీరు, గిడుగు వేంకట రామమూర్తి, జయంతి రామయ్య పంతులు పక్షాల మధ్య సాగిన గ్రాంథిక–వ్యావహారిక వాదం, 1924 నుంచి 1991 దాకా వెలువడిన ‘భారతి’ పుటలలో జరిగిన సాహిత్య చర్చలు మన విమర్శకు పునాదులు. వీటి గురించి ఇవాళ నిర్దిష్టంగా మాట్లాడగలుగుతున్నామంటే కారణం స్పష్టం. ఆ పత్రికల సంచికలు మిగిలాయి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి సంస్థలు వాటిని దాచాయి. ఎవరు ముందు అన్నారు, ఎవరు ఏ మాటకు బదులిచ్చారు, ఎవరు తమ అభిప్రాయం మార్చుకున్నారు అన్నవి తేదీలతో సహా చూపగలం.

1990ల నుంచి ఈ చర్చలో గణనీయమైన భాగం తెర మీదికి మారింది. ఆ తొలి రెండు దశాబ్దాల వేదికల గురించి పరిశోధకుడికి నేడు ఎక్కువగా దొరికేది జ్ఞాపకం. జ్ఞాపకం విలువైనదే కాని, అది ఆధారానికి ప్రత్యామ్నాయం కాదు. అందువల్ల రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పాత వేదికల మీద ఉన్న బెంగ నిజంగా దేని మీద? ఆ బెంగ వెనుక సాహిత్య చరిత్రకు పనికివచ్చే వాస్తవం ఏమిటి?

2. బెంగకూ ఒక చరిత్ర ఉంది

‘నాస్టాల్జియా’ అన్న మాట 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి సిద్ధాంత వ్యాసంలో పుట్టింది. అప్పట్లో అది ఒక రోగం పేరు. స్వస్థలానికి దూరమైనవారిని పట్టే వ్యాధిగా ఆయన దానిని వర్ణించాడు. స్థలం మీద బెంగ కాలక్రమంలో గడిచిన కాలం మీద బెంగగా మారింది. స్వెత్లానా బోయిమ్ 2001లో వెలువరించిన గ్రంథంలో దీనిని రెండు విధాలుగా విభజించింది. పోయినదానిని యథాతథంగా తిరిగి కట్టాలనుకునేది ఒకటి. పోయిందన్న ఎరుకతో, ఆ దూరాన్నే ఆలోచనకు వస్తువుగా చేసుకునేది మరొకటి. సాహిత్య చరిత్రకారుడికి ఉపకరించేది రెండవది.

తెలుగు అంతర్జాల వేదికల విషయంలో ఈ బెంగ రెండు పొరలుగా ఉంది. డయాస్పోరా సాహిత్యంలో ఊరి జ్ఞాపకం అతిగా ఉంటుందన్నది మన విమర్శకు పరిచితమైన ఆరోపణ. తొలి వేదికలను నిర్మించినవారు ప్రధానంగా ఆ ప్రవాసులే. తెలుగు వినబడని చోట తెలుగు మాట్లాడుకోవడానికి వారు ఒక అరుగు వేసుకున్నారు. ఊరి మీద బెంగతో కట్టుకున్న ఆ అరుగే కొంతకాలానికి మరొక బెంగకు వస్తువైంది. ఒక ఈ-మెయిల్ సమూహానికి ‘రచ్చబండ’ అని పేరు పెట్టడంలోనే ఈ మొదటి పొర కనిపిస్తుంది. తెలుగు వికీపీడియా కూడా తన సభ్యుల ఉమ్మడి చర్చా పుటకు అదే పేరు పెట్టుకుంది.

అంతర్జాల వేదికల మీద బెంగ ఫేస్‌బుక్ వచ్చాక పుట్టిందనుకోవడం కూడా సరికాదు. యూజ్‌నెట్‌లో ప్రతి సెప్టెంబరులో కళాశాలల్లో కొత్తగా చేరిన విద్యార్థులు వచ్చిపడేవారు. వారికి వేదిక పద్ధతులు తెలిసేదాకా గందరగోళం ఉండేది. 1993 తర్వాత అమెరికా ఆన్‌లైన్ వంటి వాణిజ్య సేవల ద్వారా కొత్తవారి రాకకు అంతు లేకపోయింది. పాతవారు దానిని ‘ముగియని సెప్టెంబరు’ అని పిలిచారు. అంటే తెలుగువారు ఆ వేదికలపై కుదురుకుంటున్న రోజులలోనే అక్కడి పాత కాపులు ‘మంచి రోజులు పోయాయి’ అని వాపోతున్నారు. ఈ సంగతి గతస్మృతిని నమ్మేముందు జాగ్రత్త పడమంటుంది. ఒక తరం బెంగపడే స్వర్ణయుగం అంతకు ముందు తరానికి పతనకాలంగా తోచింది.

3. తొలితరం తెలుగు వేదికలు: స్థూల రేఖ

యూజ్‌నెట్ ఆలోచన 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లది. 1980లో అది ఆచరణలోకి వచ్చింది. దానికి కేంద్రం లేదు. ఒక విశ్వవిద్యాలయపు యంత్రం తన వద్ద ఉన్న సందేశాలను పక్క యంత్రానికి అందించేది, అది మరొకదానికి. విషయాన్ని బట్టి సమూహాలుండేవి. భారతీయ సంస్కృతికి సంబంధించిన శాఖలో తెలుగుకు ప్రత్యేకమైన సమూహం 1990ల తొలి సంవత్సరాలలో ఏర్పడింది. దాని ఆంగ్లనామంలోని తొలి అక్షరాలను కలిపి సభ్యులు ‘స్కిట్’ అని వ్యవహరించేవారు.

అప్పటికి తెర మీద తెలుగు లిపి సామాన్యుడికి అందుబాటులో లేదు. యూనికోడ్ తొలి ప్రమాణంలోనే (1991) తెలుగుకు చోటు దక్కినా, అది సాధారణ కంప్యూటర్లలో పనిచేయడానికి దాదాపు దశాబ్దం పట్టింది. ఈ వ్యవధిని దాటించినది రోమను అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతరీకరణ విధానం ‘ఆర్‌టిఎస్’ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. చిన్న ‘టి’ తకారానికి, పెద్ద ‘టి’ టకారానికి, చిన్న ‘ఎన్’ నకారానికి, పెద్ద ‘ఎన్’ ణకారానికి గుర్తులయ్యాయి. పద్యాలు, వ్యాకరణ చర్చలు, కథలు ఈ రూపంలోనే ప్రచారమయ్యాయి. ఒక తరం పాఠకులు తెలుగును పరాయి లిపిలో ధారాళంగా చదవడం నేర్చుకున్నారు. మన లిఖిత సంస్కృతిలో ఇది చిన్న ఘట్టం కాదు.

తర్వాతి దశ ఈ-మెయిల్ సమూహాలది. ఈగ్రూప్స్ అనే సేవను యాహూ 2000లో కొనుగోలు చేసి యాహూ గ్రూప్స్‌గా మార్చింది. సాహిత్య చర్చకు ‘రచ్చబండ’, పద్యరచనకు, లక్షణ చర్చకు ‘ఛందస్సు’ వంటి సమూహాలు అక్కడ నడిచాయి. వీటిలో సందేశం సభ్యుడి తపాలా పెట్టెకు నేరుగా చేరేది. ప్రతి సందేశపు ప్రతి సభ్యులందరి దగ్గరా ఉండే అవకాశం అలా ఏర్పడింది. ఈ సాంకేతిక వివరానికి ఉన్న ప్రాధాన్యం ఎనిమిదవ భాగంలో తెలుస్తుంది.

ఇదే ప్రవాస సమాజం నుంచి 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక పుట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ‘పోతన’, ‘వేమన’ యూనికోడ్ ఫాంట్లు, విండోస్ ఎక్స్‌పీతో అందిన తెలుగు లిపి, రోమనులో కొడితే తెలుగు చూపే ‘లేఖిని’ వంటి ఉపకరణాలు 2000 తర్వాతి దశాబ్దంలో బ్లాగులకు బాట వేశాయి. బ్లాగు టపాలన్నిటినీ ఒకచోట చూపే ‘కూడలి’ కొన్నేళ్ళపాటు తెలుగు బ్లాగర్లకు నిజంగానే కూడలిగా ఉండింది.

4. చర్చ రూపం: పూర్వపక్ష సంప్రదాయపు నీడ

పాత వేదికల ప్రత్యేకత వాటి సందేశ నిర్మాణంలో ఉంది. యూజ్‌నెట్ సందేశ స్వరూపాన్ని నిర్దేశించిన 1987 నాటి ప్రమాణం ప్రకారం ప్రతి సందేశానికీ పంపినవారి చిరునామా, తేదీ, శీర్షిక, మరే సందేశానికీ లేని ఒక గుర్తింపు సంఖ్య తప్పనిసరి. అది మరొకదానికి జవాబైతే, ఏ సందేశానికి జవాబో దాని గుర్తింపు సంఖ్యను కూడా చేర్చాలి. అంటే చర్చలోని ప్రతి వాక్యానికీ ఒక స్థానం, ఒక వంశక్రమం ఉంటాయి. ఆరు నెలల తర్వాత కూడా ఒకరు పాత శీర్షిక కిందికి వచ్చి చర్చను కొనసాగించవచ్చు. కొత్త సందేశం రాగానే ఆ అంశం మళ్ళీ అందరి కళ్ళబడుతుంది.

జవాబిచ్చే పద్ధతి మరింత గమనించదగ్గది. ఎదుటివారి వాక్యాలను ప్రత్యేక గుర్తుతో పైన ఉంచి, ఒక్కొక్క వాక్యం కింద దానికి సమాధానం రాసేవారు. మన శాస్త్ర సంప్రదాయం తెలిసినవారికి ఇది కొత్త కాదు. ముందు పూర్వపక్షాన్ని అనువదించి, తర్వాత ఖండించి, సిద్ధాంతాన్ని స్థాపించడం భాష్యకారుల మార్గం. ఎదుటివారి మాటను వక్రీకరించకుండా చూపడం ఆ పద్ధతిలోని నియమం. పూర్వపక్షం పైనే కనబడుతుండగా దానిని వక్రీకరించడం కష్టం. ఒక పద్యపాదంలో యతి కుదిరిందా లేదా అన్న ప్రశ్నకు ఒకరు లక్షణ గ్రంథాన్ని, మరొకరు కవిప్రయోగాన్ని చూపి, మూడవవారు ఆ రెంటినీ ఉటంకిస్తూ సమన్వయించే తరహా సంభాషణకు ఈ రూపం బాగా ఒదుగుతుంది.

ఈ రూపం ఉన్నంత మాత్రాన చర్చ సాధువుగా సాగిందని కాదు. న్యాయశాస్త్రం కథను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా చెప్పింది. తత్త్వనిర్ణయం కోసం వాదం, గెలుపు కోసం జల్పం, స్వపక్షస్థాపన లేకుండా ఖండన కోసమే వితండ. మూడూ ఆ వేదికల మీద ఉండేవి. చర్చ పొడవు పెరిగేకొద్దీ ఎవరో ఒకరు ఎదుటివారిని నాజీలతో పోల్చడం ఖాయమని మైక్ గాడ్విన్ 1990లోనే వ్యంగ్యంగా సూత్రీకరించాడంటే, కలహం ఎంత మామూలైనదో తెలుస్తుంది. మన అచ్చు పత్రికల చరిత్రలోనూ మర్యాద అంత గొప్పగా లేదు. వీరేశలింగం, కొక్కొండ వారల మధ్య పోటీ ‘హాస్యవర్ధని’, ‘హాస్యసంజీవని’ అని ఒకరి పత్రిక పేరును మరొకరు ఎగతాళికి వాడుకునేదాకా వెళ్ళింది. అయినా ఆ పోట్లాట మనకు సాహిత్య చరిత్ర అయింది. అది చదవదగిన రూపంలో మిగలడమే అందుకు కారణం.

కనుక పాత వేదికల మీద బెంగను ‘అప్పట్లో మనుషులు మంచివారు’ అన్న వాక్యంగా అనువదించుకుంటే పొరబడతాం. శీర్షిక, వరుస, చిరునామా, తిరిగి చేరుకోగల వీలు అనే నాలుగు లక్షణాల మీద ఆ బెంగ నిలబడి ఉంది. తార్కికంగా సమర్థించదగిన భాగం కూడా అదే.

5. వేదిక నుంచి ప్రవాహానికి

ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో అందరికీ తెరుచుకుంది. అదే నెలలో, మిత్రులు రాసినవన్నీ ఒకే ధారగా చూపే ‘న్యూస్ ఫీడ్’ వచ్చింది. 2009లో ‘లైక్’ మీట చేరింది. ఈ మార్పులు చర్చ రూపాన్ని మూలం నుంచి మార్చాయి.

పాత వేదికలో నిర్మాణ ఘటకం అంశం. పాఠకుడు ఒక శీర్షికను ఎంచుకొని లోపలికి వెళ్తాడు. కొత్త మాధ్యమంలో నిర్మాణ ఘటకం వ్యక్తి. పాఠకుడు ఎక్కడికీ వెళ్ళనవసరం లేదు. ఎవరు ఏం రాశారన్నది అతని ముందుకే ప్రవహిస్తూ వస్తుంది. ఏది ముందు కనబడాలో కాలక్రమం కాక యంత్రసూత్రం నిర్ణయిస్తుంది. ఒక కవితాసంపుటిపై మంచి చర్చ జరిగినా రెండు రోజుల తర్వాత అది ధారలో కిందికి జారిపోతుంది. అదే ప్రశ్న మరో ఆరు నెలలకు మరొకరి గోడ మీద మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. పాత చర్చ ఉన్నదని తెలిసినవారు కూడా దానిని వెతికి చూపలేరు. ఒప్పుకోలుకు, మెప్పుకు, హాజరు వేయించుకోవడానికి ఒకే గుర్తు సరిపోవడం వల్ల, ‘ఎందుకు బాగుంది’ అన్న ప్రశ్నకు జవాబు రాయవలసిన అవసరం తగ్గింది. విమర్శ అంతా ఆ జవాబులోనే ఉంటుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. గతస్మృతిని కొత్త మాధ్యమాలు తామే అందిస్తున్నాయి. ‘ఈ రోజున’ మీరు గతంలో ఏం రాశారో గుర్తుచేసే ఏర్పాటును ఫేస్‌బుక్ 2015లో ప్రవేశపెట్టింది. అది ఎవరి టపాను వారికే తిరిగి చూపుతుంది. ఉమ్మడి చర్చను చర్చగా చూపదు. స్మృతి సమూహం నుంచి వ్యక్తికి మారిందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కర్లేదు. పాత వేదికలో గతం సభ్యులందరి ఉమ్మడి ఆస్తి. ఇక్కడ అది ఎవరి ఖాతాలోని నిల్వ వారిది. ఖాతా మూతపడితే అదీ లేదు.

6. ఆ రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారు?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పాతది మేలు, కొత్తది కీడు అని తేల్చితే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. రచ్చబండ అన్న రూపకాన్నే పరీక్షిద్దాం. ఊళ్ళో రచ్చబండ అందరిదీ అని చెప్పుకుంటాం. కాని అక్కడ కూర్చొని మాట్లాడే అధికారం ఊరందరికీ సమానంగా ఉండేది కాదని దళిత, స్త్రీవాద సాహిత్యాలు మనకు నేర్పాయి. అంతర్జాలపు తొలి రచ్చబండ కూడా పేరుకు మాత్రమే అందరిది. దానిని చేరుకోవడానికి విశ్వవిద్యాలయపు కంప్యూటరో, సంస్థ ఇచ్చిన ఈ-మెయిలో ఉండాలి. ఇంగ్లీషు కీబోర్డు అలవాటు కావాలి. ఆర్‌టిఎస్ చదవగలగాలి. ఈ అర్హతలు 1990లలో ఎవరికి ఉండేవో వేరే చెప్పనక్కర్లేదు. విదేశాల్లో సాంకేతిక విద్య చదివినవారు, అందులోనూ ఎక్కువగా పురుషులు.

చేతిఫోనులో తెలుగు లిపి రావడంతో ఈ కంచె చాలావరకు కూలింది. మండల కేంద్రంలోని ఉపాధ్యాయుడు, ఇంటిపని మధ్యలో కవిత రాసుకునే స్త్రీ, పత్రికా సంపాదకుల చుట్టూ తిరగడం కుదరని కొత్త కవి, తన మాండలికాన్ని సవరించుకోకుండా రాయదలచినవారు ఒకే చోటికి వచ్చారు. 2012లో కవి యాకూబ్ ప్రారంభించిన ‘కవిసంగమం’ ఫేస్‌బుక్ సమూహం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అది తెర మీద ఆగకుండా ముఖాముఖి సభలుగా, అచ్చు సంకలనాలుగా కూడా విస్తరించింది. అటువంటి రచయితలకు పాత వేదికల మీద బెంగ ఉండవలసిన కారణం లేదు. ఆ వేదికలు వారివి కావు.

ఈ రెండు సత్యాలనూ కలిపి చూడాలి. చర్చకు మంచి రూపం ఉన్న కాలంలో ప్రవేశం కొద్దిమందికే ఉండింది. ప్రవేశం విస్తరించిన కాలానికి రూపం శిథిలమైంది. నష్టపోయినది ఎవరు? ఆలస్యంగా వచ్చినవారే. వారి మాటలే నిలవని చోట వారికి వేదిక దొరికింది. 1990ల ప్రవాసి మాట పోయినా అతని సంగతి చెప్పుకోవడానికి ఇతర ఆధారాలున్నాయి. ఈనాడు ఒక సమూహంలో తొలి కవిత రాసి, దానిపై పదిమంది చెప్పిన మాటల నుంచి కవిగా ఎదిగిన వ్యక్తి సాహిత్య శిక్షణకు ఆ ధార తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

7. ఏది పోయింది, ఏది మిగిలింది

పాత వేదికల రూపం భద్రతకు అనుకూలమైనదే కాని, భద్రతకు హామీ కాదు. యూజ్‌నెట్ సందేశాలను సర్వర్లు కొన్నాళ్ళకు తొలగించేవి. స్థలం కరువు అందుకు కారణం. 1981–1991 నాటి యూజ్‌నెట్ సందేశాలు ఇవాళ చాలావరకు దొరుకుతున్నాయంటే, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో పనిచేసిన హెన్రీ స్పెన్సర్ వాటిని అయస్కాంత టేపుల మీద దాచడమే ప్రధాన కారణం. 1995లో డేజా న్యూస్ అనే సంస్థ నిల్వ మొదలుపెట్టింది. దానిని 2001లో గూగుల్ కొని, స్పెన్సర్ టేపులలోని భాగాన్నీ చేర్చింది. గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్‌కు కొత్త సందేశాలు చేర్చడం మానేసింది. పాతవి చూడడానికి మాత్రం వీలుంది.

యాహూ గ్రూప్స్ కథ ఇంతకంటే విషాదకరం. పాత సందేశాలను, దస్త్రాలను తొలగిస్తామని యాహూ 2019 అక్టోబరులో ప్రకటించింది. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం గడువులోగా వీలైనన్ని కాపాడడానికి ప్రయత్నించింది. వారి ఖాతాలలో అనేకం మధ్యలోనే నిరోధానికి గురయ్యాయి. 2020 డిసెంబరు 15న సేవ పూర్తిగా ఆగిపోయింది. ‘రచ్చబండ’, ‘ఛందస్సు’ వంటి సమూహాల సందేశాలు యాహూ పుటల్లో ఇక లేవు.

దీనికి పక్కన ‘ఈమాట’ను పెట్టి చూడాలి. అది అదే కాలంలో, అదే సమాజం నుంచి, అదే లిపి ఇబ్బందుల మధ్య పుట్టింది. 1998 నాటి తొలి సంచిక నుంచి దాని రచనలు నేటికీ యూనికోడ్ తెలుగులో చదవడానికి అందుబాటులో ఉన్నాయి. రచనల కింద పాఠకులు చేసిన చర్చ కూడా వాటితోపాటే ఉంది. ఒకటి ఎందుకు నిలిచింది, మరొకటి ఎందుకు పోయింది? రెండూ పాతవే కనుక, ‘పాత–కొత్త’ అన్న విభజన ఇక్కడ జవాబు చెప్పదు. ఒకచోట సంపాదక వర్గం ఉంది. పాత సంచికను కొత్త లిపిలోకి మార్చడం తమ పని అనుకున్నవారు ఉన్నారు. మరొకచోట చర్చ సభ్యులది, స్థలం వ్యాపార సంస్థది. తెలుగు పద్యలక్షణం మీద జరిగిన చర్చ ఆ సంస్థ దృష్టిలో ఖర్చు పద్దు.

ఈ పోలికే ఈ వ్యాసపు ప్రధాన ప్రతిపాదనకు ఆధారం. చర్చ నిలవడానికి దాని రూపం ఒక షరతు, దాని బాధ్యత వహించేవారు ఉండడం రెండవ షరతు. గతస్మృతి మొదటిదాన్ని గుర్తిస్తుంది. రెండవదాన్ని మరుస్తుంది. నేడు సామాజిక మాధ్యమాల్లో ఈ రెండూ లేవు. అంటే యాహూ గ్రూప్స్‌కు 2020లో పట్టిన గతి ఈ ధారలకు పట్టదని చెప్పే ఆధారం మన దగ్గర లేదు. 2014లో ఆర్కుట్, 2019లో గూగుల్ ప్లస్ మూతపడిన సంగతి మనముందే ఉంది.

8. పరిశోధకుల ముందున్న పని

యాహూ పుటల్లో పోయినది పూర్తిగా పోయిందనుకోనవసరం లేదు. మూడవ భాగంలో చెప్పినట్టు ఈ-మెయిల్ సమూహాల సందేశాలు సభ్యుల తపాలా పెట్టెలకు చేరేవి. వాటిని తుడిచివేయని సభ్యులున్నంతవరకు ప్రతులున్నట్టే. ఇది తాళపత్ర గ్రంథాల స్థితిని గుర్తుచేస్తుంది. సి.పి. బ్రౌన్ పంతొమ్మిదవ శతాబ్దిలో ఇళ్ళలో మూలపడి ఉన్న ప్రతులను సేకరించి, కడపలో పండితులను నియమించి పాఠాలను సరిచూయించాడు. ఇప్పుడు వెతకవలసిన అటకలు వేరు. పని స్వభావం మాత్రం అదే.

ఇందులో మూడు అంశాలు తెలుగు శాఖల నైపుణ్యానికి చెందినవి. మొదటిది పాఠ సమీకరణ. ఒకే చర్చకు వేర్వేరు సభ్యుల వద్ద వేర్వేరు సందేశాలు మిగిలి ఉంటాయి. గుర్తింపు సంఖ్యల సాయంతో వాటిని వరుసకు తేవాలి. రెండవది లిపి. ఆర్‌టిఎస్‌లో రాసినవారందరూ నియమాలను ఒకే తీరుగా పాటించలేదు. ‘పాత’, ‘పాట’ అన్న రెండు మాటలకు రోమనులో తేడా ఒక అక్షరం చిన్నదా పెద్దదా అన్నదే. ఆ తేడాను పట్టించుకోని వెతుకుడు యంత్రానికి పాతా పాటా ఒకటే. సందర్భాన్ని బట్టి సరైన పాఠాన్ని నిర్ణయించడం యంత్రం ఒక్కటే చేయగల పని కాదు. పాఠపరిష్కర్త చేయవలసినది. లిపి ఫాంటుతో ముడిపడి, ఇప్పుడు అర్థంకాని గుర్తులుగా కనబడే యూనికోడ్ పూర్వపు రచనలకూ ఇదే వర్తిస్తుంది.

మూడవది నీతికి సంబంధించినది. సమూహంలో సభ్యుల మధ్య మాట్లాడిన మాట ప్రచురణ కోసం రాసినది కాకపోవచ్చు. డేజా న్యూస్ నిల్వ మొదలైన రోజుల్లోనే తమ సందేశాలను దాచవద్దని కోరేవారి కోసం సందేశ శిరస్సులో ఒక సూచన చేర్చే పద్ధతి వచ్చింది. మరవబడే హక్కు కొత్తగా పుట్టినది కాదు. రచయిత సమ్మతి, పేరు మరుగుపరచడం, కొంతకాలం పరిశోధకులకే అందుబాటు వంటి నియమాలను సేకరణకు ముందే నిర్ణయించుకోవాలి. ఉత్తరాల సంపుటాల ప్రచురణలో మనకున్న అనుభవం ఇక్కడ పనికివస్తుంది.

నేటి సమూహాల విషయంలో ఇంకా సులభమైన మార్గం ఉంది. నిర్వాహకులు బతికి ఉండగా, చర్చ జరుగుతుండగా, ముఖ్యమైన చర్చలను సభ్యుల అనుమతితో ఏటా ఒక సంపుటంగా ఎత్తిరాసి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేర్చవచ్చు. కవితలు సంకలనాలుగా వస్తున్నాయి. వాటిని తీర్చిదిద్దిన వ్యాఖ్యలు రావడం లేదు.

9. ముగింపు

తొలితరం అంతర్జాల చర్చావేదికల మీద వ్యక్తమయ్యే గతస్మృతిలో అతిశయోక్తి ఉంది. అక్కడ కలహాలూ ఉన్నాయి, కంచెలూ ఉన్నాయి. ఆ అతిశయోక్తిని తీసివేశాక మిగిలే సత్యం మాత్రం చిన్నది కాదు. ఎదుటివారి మాటను ఎదుట ఉంచుకొని బదులు చెప్పే లిఖిత రూపం ఒకటి తెలుగు సాహిత్య చర్చకు రెండు దశాబ్దాలపాటు దొరికింది. ప్రవేశం విస్తరించిన కొత్త మాధ్యమంలో ఆ రూపం లేదు. పాతదానిలో చాలా భాగం ఆధారంగా మిగలలేదు. సంపాదక బాధ్యత ఉన్నచోట మాత్రం అదే తరం కృషి చెక్కుచెదరకుండా నిలిచింది.

తొలి వేదికలలో పాల్గొన్నవారిలో చాలామంది ఇప్పుడు ఉద్యోగ విరమణ వయసులో ఉన్నారు. వారి తపాలా పెట్టెలు, పాత డిస్కులు వారి జీవితకాలాన్ని మించి నిలవకపోవచ్చు. ‘భారతి’ చర్చల కోసం మనం వేటపాలెం వెళ్తున్నాం. 1995–2010 నడుమ జరిగిన చర్చల కోసం రేపటి పరిశోధకుడు వెళ్ళగలిగే చోటు ఏదో నిర్ణయించవలసినది ఈ తరం తెలుగు శాఖలే.